తోక కనిపించని కుక్క

బొగ్గును భయంకరంగా చూపించాలంటే ముందు దాని తోకను దాచాలి. ఈ సంగతి సినిమా వాళ్ళకు చెప్పింది మాస్టరమ్మే. బొగ్గు ఎనిమిదేళ్ళ నల్లకుక్క. మనిషి కనబడితే చాలు, నడుము దగ్గర్నుంచి వెనక భాగమంతా ఊగిపోతుంది. ముందు నుంచి చూస్తే కోరలు, వెనక నుంచి చూస్తే సంబరం. అందుకే కెమెరాను దాని భుజాల దగ్గరే ఆపెయ్యమని ఆమె డైరెక్టరుకు చెప్పింది. ఒళ్ళంతా చూపించక తప్పని ఒకే ఒక్క షాటులో మెత్తటి దారంతో తోకను వెనక కాలికి వదులుగా కట్టింది. షాటు అవగానే తనే విప్పి, అరగంట సేపు దాని వీపు నిమురుతూ కూర్చుంది.

సినిమాల్లో జంతువులతో పని చేయించేవాళ్ళను మాస్టరు అంటారు. ఆడమనిషి గనక ఈమె మాస్టరమ్మ అయింది. అంతకు ముందు ఇరవయ్యేళ్ళు పశువుల ఆసుపత్రిలో బోనులు కడిగింది. పర్మనెంట్ చేస్తాం, చేస్తాం అంటూనే ఒకరోజు కాంట్రాక్టరును మార్చి, పాత కాంట్రాక్టరు మనుషులందరితో పాటు ఆమెనూ ఇంటికి పంపేశారు. కుక్క కరిచే ముందు చెవులు ఎలా వాలతాయో, ఒళ్ళు ఎక్కడ బిగుస్తుందో డాక్టర్ల కంటే ముందు ఆమెకే తెలిసేది. ఆ తెలివికి ఆసుపత్రి కాగితాల్లో గడి లేదు. సినిమాల్లో కొంత గిరాకీ ఉందని ఎవరో చెబితే, ఆసుపత్రి గేటు దగ్గర అట్టపెట్టెలో దొరికిన బొగ్గును వెంటబెట్టుకుని అటు వెళ్ళింది.

ఉండేది లిఫ్టు లేని నాలుగంతస్తుల బిల్డింగులో, రెండో అంతస్తులో, రెండు గదుల అద్దె ఇంట్లో. చెల్లెలు కూడా ఆమెతోనే ఉంటుంది. ఒక గదిలో చెల్లెలి కుట్టుమిషను, ఇంకో గదిలో మిగతా సంసారమంతా.

ఆ డైరెక్టరు కథ చిన్నది. పిచ్చెక్కిన కుక్క ఒకటి ఒక బిల్డింగు మెట్ల మీద తిష్ఠ వేస్తుంది. పై అంతస్తులో నలుగురు ఇరుక్కుపోతారు. అంతే. పెట్టుబడి పెద్దగా లేదు. కథ చెప్పడానికి వచ్చినవాడు మెట్లు ఎక్కుతూనే ఆగిపోయాడు.

"మాస్టరమ్మా, ఇవేం మెట్లండీ బాబూ! ఇరుకు, పెచ్చులూడిన గోడలు, మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు. సెట్టు వేసినా ఇంత దరిద్రంగా రాదు."

"పొగిడాడా, తిట్టాడా అక్కా?" అని లోపలి నుంచి చెల్లెలు అడిగింది.

అద్దెకుండేవాళ్ళ మాట ఆ బిల్డింగులో ఎవరూ వినరు. అయినా మాస్టరమ్మ అసోసియేషన్ సెక్రటరీని బతిమాలి ఒప్పించింది. రెండో మలుపులో ఒక మెట్టు అంచు విరిగి మూడేళ్ళవుతోంది. షూటింగు అయ్యేదాకా ఆ మెట్టునూ, ట్యూబ్‌లైటునూ బాగుచేయించొద్దని డైరెక్టరు కోరాడు. "మీ కోసం ఆ మాత్రం చెయ్యలేనా!" అని సెక్రటరీ దర్జాగా మాటిచ్చాడు. ఆయనకు బాగుచేయించే ఉద్దేశం ఎన్నడూ లేదు.

నాలుగు ఆదివారాలు, పట్టపగలు, కిటికీలకు నల్లగుడ్డలు కట్టి తీశారు. బిల్డింగంతా కుర్చీలు వేసుకుని చూసింది. మూడో అంతస్తు తాతగారు రస్కుల డబ్బాతో సహా దిగివచ్చేవాడు. ఇంజనీరింగు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, ఒంటరివాడు. షాటుకీ షాటుకీ మధ్య బొగ్గు ఆయన పాదాల మీద వెల్లకిలా పడి పొట్ట చూపించేది.

"ఇదా పిచ్చికుక్క? దీనికంటే మా పాత బాసు నయం, కనీసం అరిచేవాడు" అని ఆయన నవ్వేవాడు.

నిజమే, బొగ్గుకు గుర్రుమనడం రాదు. కోపం వస్తే పాత తలుపు కిర్రుమన్నట్టు ఒక మూలుగు, అంతే. ఆ సినిమాలో వినిపించే గుర్రు మాస్టరమ్మది. ఖాళీ రేకు డ్రమ్ములో తల పెట్టించి ఆమె చేతే ఆ శబ్దం చేయించారు, తర్వాత దాన్ని సాగదీశారు. షూటింగులో కూడా సైగ అదే. ఆమె గొంతులోంచి గుర్రుమంటే బొగ్గు పైపెదవి ఎత్తి పళ్ళన్నీ చూపించాలి. చూపిస్తే ఉడికించిన కాలేయం ముక్క. నెలరోజుల్లో నేర్చేసుకుంది.

"భయం కుక్కలో ఉండదు, తలుపులో ఉంటుంది" అని ఆమె డైరెక్టరుకు ఎన్నోసార్లు చెప్పింది. "తలుపుకి ఇవతల మనిషి, అవతల అది. కింద సందులోంచి నీడ కదలాలి, గోళ్ళ చప్పుడు వినబడాలి. తలుపు ఎంత పాతదైతే అంత భయం. కుక్కను మాత్రం పూర్తిగా చూపించకండి. చూపించారా, జనం దాన్ని కొలిచేస్తారు. కొలిస్తే అది కుక్కంతే ఉంటుంది."

డైరెక్టరు తెలివైనవాడు, విన్నాడు. గంటన్నర సినిమాలో బొగ్గు కనిపించేది మొత్తం నాలుగు నిమిషాలు. మిగతాదంతా తలుపులు, మెట్లు, ఊపిరి, మెట్ల మలుపు చూస్తూ కదలలేక నిలబడ్డ ఆడపిల్ల ముఖం. చూసేవాళ్ళందరికీ అలాంటి మెట్లే ఉన్నాయి. రోజూ ఎక్కే దిగే చోటే దిక్కు లేకుండా పోతే ఎలా ఉంటుందో చెప్పడానికి గ్రాఫిక్సు అక్కర్లేదు. చివర పడే పేర్లలో మాస్టరమ్మ పేరు లేదు. ఈ దేశంలోనే కాదు, ఏ దేశంలోనైనా ఇలాంటి సినిమాల్లో తెలివి ఒకరిది, పేరు ఇంకొకరిది.

సినిమా ఫోన్లలోకి, టీవీల్లోకి వచ్చిన రోజు సెక్రటరీ హాల్లో అందరూ కలిసి చూశారు. మొదట గోలగోల. "అదిగో మా కుళాయి!" "మా చెప్పుల స్టాండు!" సగం అయ్యేసరికి మాటలు ఆగిపోయాయి. అయిపోయాక లైటు వేస్తే, గుమ్మంలో బొగ్గు పడుకుని ఉంది. అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని, గోడకు అతుక్కుంటూ దాన్ని దాటి వెళ్ళారు. ఒక్కరూ దాని తల నిమరలేదు.

"చూశావా! పని చేసిందే!" అని మాస్టరమ్మ చెల్లెలి భుజం మీద చరిచింది. మెచ్చుకోలు అనుకుంది పాపం.

వారం తిరక్కుండా పై అంతస్తు ఆడవాళ్ళు దిగే ముందు రెయిలింగు మీద నుంచి కేకెయ్యడం మొదలుపెట్టారు. "మాస్టరమ్మా, కుక్క లోపలుందా?" పిల్లలు దాని పేరు మానేసి సినిమాలో పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆమె గొలుసు పొట్టిది కొంది. మూతికి జాలీ తొడిగింది. జాలీ తొడిగాక భయం ఇంకా పెరిగింది. జాలీ ఉందంటే ఏదో ఉన్నట్టే కదా!

ఒక ఉదయం పదింటికి తాతగారు పేపరు కోసం దిగుతున్నాడు. బొగ్గును తీసుకుని ఆమె పైకి వస్తోంది. రెండో మలుపులో ఎదురుపడ్డారు. తాతగారు ఒక్క క్షణం చూశాడు. వెనక్కి అడుగు వేశాడు. ఆ అడుగు విరిగిన మెట్టు అంచున పడి, జారి కిందపడ్డాడు. కుడిచేతి మణికట్టు రెండు చోట్ల విరిగింది. బొగ్గు ఆయన పక్కన కూలబడి, జాలీలోంచే చెంప నాకబోయింది. పై నుంచి ఎవరో ఫోన్లో తీశారు. ఆ వీడియోలో ఉన్నది పడిపోయిన ముసలాయన, ఆయన ముఖం మీదకు వంగిన నల్లటి తల, "అయ్యో, లేపండి, లేపండి!" అన్న మాస్టరమ్మ గొంతు. మెట్టు అందులో పడలేదు.

సాయంత్రానికి వీడియో వీధి దాటింది. సినిమా పేరు పెట్టి మరీ తిప్పారు.

మాస్టరమ్మ డైరెక్టరుకు ఫోన్ చేసింది. "బాబూ, ఒక్క కాగితం రాసివ్వండి. ఆ కుక్క నేర్పినట్టు చేసిందని, షూటింగులో ఒక్కరినీ ఏమీ అనలేదని. ఆదివారం బిల్డింగు వాళ్ళ మీటింగుంది."

"రాసిస్తాను గానీ మాస్టరమ్మా..." అతను నసిగాడు. "రెండో భాగం మాటలు నడుస్తున్నాయి. ఇప్పుడు అది అమాయకప్పిల్ల అని నేనే రాసిస్తే, రేపు ఎవరు భయపడతారు చెప్పండి? కాస్త సద్దుమణిగాక చూద్దాం. అయినా మీకూ మంచి పబ్లిసిటీయేగా!"

చెల్లెలు ఫోను లాక్కుని ఏదో అనబోయింది. అప్పటికే పెట్టేశాడు.

ఆదివారం సెక్రటరీ హాల్లో పదిహేనుమంది కూర్చున్నారు. కట్టు కట్టిన చేతితో తాతగారూ వచ్చాడు. ఒకే ఒక్క విషయం: కుక్క ఉండాలా, పోవాలా. పోతే ఎక్కడికన్నది వాళ్ళ విషయం కాదు. మెట్టు సంగతి చెల్లెలు ఎత్తితే, "అది వేరే ఎజెండా అమ్మా" అన్నాడు సెక్రటరీ.

మాస్టరమ్మ లేచి నిలబడింది. పక్కనే బొగ్గు. పనితనం చూపిస్తే భయం పోతుందని ఆమె నమ్మకం. తోక సంగతి చెప్పింది. నోట్లో నురుగు గుడ్డు తెల్లసొన అని చెప్పింది. తలుపు గోకింది కుక్క కాదు, డైరెక్టరు చేతిలోని దువ్వెన అని చెప్పింది. నాలుగో అంతస్తు కోడలు సన్నగా నవ్వింది కూడా.

"మరి ఆ గుర్రు?" అన్నాడు ఒకాయన.

"అదా! అది నేనే కదా బాబాయ్" అని మాస్టరమ్మ బొగ్గు మూతి మీంచి జాలీ తీసేసింది, దాని నోరు కదలడం లేదని అందరికీ కనబడాలని. తర్వాత గొంతు సవరించుకుని గుర్రుమంది.

బొగ్గు తన పని తాను చేసింది. పైపెదవి ఎత్తింది. చిగుళ్ళతో సహా పళ్ళన్నీ చూపించింది. ఒళ్ళు బిగబట్టి, ఆమె వైపు కాకుండా, నేర్పినట్టే ఎదురుగా ఉన్నవాళ్ళ వైపు చూసింది.

కుర్చీలు వెనక్కి జరిగాయి. ఎవరో కెవ్వుమన్నారు. ఒక పిల్ల ఏడుపు లంకించుకుంది. "అది నేను నేర్పింది! నేర్పిందండీ, నేను సైగ చేశాను!" అని మాస్టరమ్మ అరుస్తోంది. ఆ అరుపుకు అర్థమేమిటో ఆమెకే ముందు తట్టింది. పళ్ళు చూపించమని మనిషి చెబితే చూపించే కుక్క అని ఆమె రుజువు చేసింది. ఇరవయ్యేళ్ళు కుక్కల ఒంట్లోని బిగువు చదివిన మనిషి, పదిహేనుమంది మనుషుల ఒంట్లోని బిగువు చదవలేకపోయింది.

తాతగారి వైపు చూసింది. "మీరైనా చెప్పండి తాతగారూ."

ఆయన తల వంచుకున్నాడు. "అది మంచిదే తల్లీ. నాకు తెలుసు. నా కాళ్ళకు తెలియడం లేదు. ఏం చెయ్యను?"

శనివారం లోపల కుక్క బిల్డింగులో ఉండకూడదని తీర్మానం రాశారు. తాతగారు ఎడమచేత్తో సంతకం పెట్టాడు.

ఆ ఐదు రోజులూ అక్కాచెల్లెళ్ళు ఇళ్ళ కోసం తిరిగారు. ఒకచోట మాటల్లోనే ఇంటావిడ ఫోను తీసి, "ఈ వీడియోలో కుక్కేనా?" అంది. ఇంకోచోట బయట కట్టేసిన బొగ్గును చూడగానే గేటు తీయలేదు. మూడో చోట మనుషులకైతే సరేనన్నారు. పాత ఆసుపత్రికి వెళితే, కాంట్రాక్టరు మళ్ళీ మారాడు, తెలిసినవాళ్ళెవరూ లేరు. "ఊరికి దూరంగా వదిలేద్దాం అక్కా" అని ఒకసారి చెల్లెలు అంది. అని తనే ముక్కు చీదుకుంది. ఎనిమిదేళ్ళు ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో బతకడం రాదు. కొట్టి చంపుతారు.

శనివారం ఉదయం మాస్టరమ్మ బొగ్గును మునిసిపాలిటీ కుక్కల కేంద్రానికి తీసుకెళ్ళింది. షెడ్డులో రెండు వరసల బోనులు. కుడివైపువి పెంచుకోవడానికి ఇస్తారు. ఎడమవైపువి ఇవ్వరు. పది రోజుల తర్వాత ఎడమ వరసను ఖాళీ చేస్తారు. ఎలా ఖాళీ చేస్తారో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

గుమాస్తా ఫారం తీశాడు. "ఎవరినైనా కరిచిందా?"

"లేదు."

"మరి పెద్దాయన పడ్డాడుగా?"

"భయపడి పడ్డాడు బాబూ. మెట్టు విరిగి ఉంది."

"భయపెట్టిందన్నమాట" అని రాసుకున్నాడు.

"అలా రాయకండి. కుడివైపు పెట్టండి, మీకు దండం పెడతాను. రెండు రోజులు చూడండి, మీకే తెలుస్తుంది."

గుమాస్తా కఠినుడు కాడు. కలం పక్కన పెట్టాడు. "అమ్మా, నేను పెడతాననుకోండి. పెంచుకోవడానికి వచ్చేవాళ్ళు పిల్లలతో వస్తారు. వాళ్ళూ ఆ సినిమా చూసుంటారు. నేనూ చూశాను. మా ఆవిడ ఇప్పటికీ మెట్ల మీద ఒంటరిగా దిగదు. రేపేదన్నా అయితే నా ఉద్యోగం మీదకొస్తుంది." కలం మళ్ళీ తీసుకుని, "కావాలంటే వరస మార్చమని అర్జీ పెట్టుకోండి" అన్నాడు.

"ఎన్నాళ్ళకు చూస్తారు?"

"పదిహేను రోజులు పడుతుంది."

"ఇక్కడ పది రోజులేగా బాబూ?"

ఆ రెండు గడువులూ పెట్టింది అతను కాదు. ఎవరు పెట్టారో, ఏ కుక్కను మనసులో పెట్టుకుని పెట్టారో ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఆమె అర్జీ రాసింది. అతను ముద్ర వేసి, తేదీ వేసి తీసుకున్నాడు.

కుక్కను బోనులో పెట్టడానికి ఇద్దరు పనివాళ్ళు చివర ఉచ్చు ఉన్న పొడుగు కర్రలతో వచ్చారు. బొగ్గు పేరు అడిగారు, సినిమా పేరు చెప్పుకున్నారు, నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయారు. "మీరే పెట్టండమ్మా. మీ మాటయితే వింటుంది" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

ఎడమ వరసలో ఏడో బోను. ఆమె తలుపు తీసి, "లోపలికి" అంది. వెళ్ళింది. "కూర్చో" అంది. కూర్చుంది. ఇంకేం చెబుతుందోనని చెవులు నిక్కించి ఆమె ముఖంలోకి చూస్తోంది. ఆమె తలుపు మూసింది. గొళ్ళెం వేసి, పనివాళ్ళు అడిగితే, సరిగ్గా పడిందో లేదో రెండోసారి లాగి చూపించింది.