రాయి వెనక చేపపిల్ల

వీర్నపల్లి బస్సు వాగు వంతెన మీద ఆగినప్పుడు కిటికీలోంచి తడి పాచి వాసన వచ్చింది. కోరుట్లలో డిగ్రీ చదివేటప్పుడు మాకు జంతుశాస్త్రం చెప్పిన షాహెదా మేడం గుర్తుకొచ్చారు. వానలు తగ్గి నీళ్లు తేటపడగానే ఆమె మమ్మల్ని రాయికల్ వైపు వాగుకు తీసుకెళ్లేవారు. షుగర్ వల్ల ఆమె చూపు అప్పటికే మసకబారింది. వేలి పొడవు కూడా లేని చేపపిల్లలు ఆమెకు కనిపించేవి కావు. అందుకే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నీళ్లలో ఏం జరుగుతోందో చెప్పమనేవారు.

మొదటిసారి, చేపలు ఆడుకుంటున్నాయన్నాను.

"ఆట అని నీకెట్ల తెలిసింది బేటా? గవి ఏం చేస్తున్నయో చెప్పు" అన్నారు.

మళ్లీ చూశాను. ఒక పిల్ల రాయి వెనక, ప్రవాహానికి ఎదురుగా నిలబడి తోక ఆడిస్తోంది. కొట్టుకొచ్చిన పురుగును దూకి పట్టుకుని మళ్లీ అక్కడికే చేరింది. తోక చివర చిరిగిన ఇంకో పిల్ల దగ్గరికి రాగానే తరిమింది. రాయి చాటున నీటి వేగం తక్కువ, తిండేమో పక్కనుంచే పోతుంది. ఆ జానెడు చోటు కోసమే కొట్లాట అని చెబుతుండగా నాకే తట్టింది. మేడం సంతోషించారు కానీ, తరిమేసిన పిల్ల ఏం తింటుందని అడిగారు. అది ఎటు పోయిందో నేను చూడనేలేదు.

దానికోసం మళ్లీ మళ్లీ వెళ్లాం. ఒడ్డున గడ్డివేళ్ల మధ్య, కదలని నీళ్లలో కనిపించింది. పురుగులు అటు రావు. రాళ్లకు పట్టిన పాచిని గీక్కుని తింటోంది. ఒక మధ్యాహ్నం లకుముకిపిట్ట వచ్చి రాయి వెనక పిల్లను ఎత్తుకుపోయింది. కాసేపటికి తోక చిరిగిన పిల్ల ఆ చోటికి వచ్చి నిలబడింది. పాపం, ఇన్నాళ్లూ ఎదురుచూసిందన్నాను.

"ఎదురుచూసిందని మనకు తెల్వదు. వచ్చిందని తెలుసు. గంతే నీ నోట్‌బుక్కుల రాసుకో" అన్నారు మేడం.

మరుసటి ఏడు ఆమెకు చూపు పూర్తిగా పోయింది. జగిత్యాలలో వాళ్లింటికి వెళ్తే, కుశలం కన్నా ముందు వాగు గురించి అడిగారు. పెద్ద వరదలో రాళ్లే దొర్లిపోతే ఆ పిల్లలు ఎక్కడ ఆగుతాయన్నారు. తెలియదన్నాను. "నాకూ తెల్వదు. పోయి చూసిరా" అని నవ్వారు.

చూసి వచ్చి చెప్పేలోపే ఆమె పోయారు. జవాబు నాకింకా పూర్తిగా దొరకలేదు. వరద తగ్గగానే ఏటా వాగుకు పోతాను. ఒడ్డున కూర్చుని, కనిపించిన ప్రతిదాన్నీ పైకే చెబుతుంటాను.