చదువు రొట్టె

మొన్న బజారులో పూలమ్మి గంపలో పొగడదండ కనిపిస్తే కొని తెచ్చుకున్నాను. వాడేకొద్దీ వాసన ఎక్కువయ్యే పూలవి. ఆ సాయంత్రమంతా మా ఇల్లు ఇల్లులా లేదు, అరవైల చివర్లో నెల్లూరులో మా బడి పక్కనుండే కాలేజీవాళ్ళ మొక్కల తోటలా ఉంది.

ప్రతి చెట్టుకూ నోరు తిరగని పేరు రాసిన తగరపు రేకు వేలాడే ఆ తోటకి, ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని సైన్సు టీచరమ్మ ఆకులు చూపిస్తానని తీసుకుపోయేది. మేము మాత్రం ఎప్పుడెప్పుడు పొగడచెట్టు కింద కూర్చుని క్యారేజీలు విప్పుదామా అని చూసేవాళ్ళం. అల్లూరు పొలాల మొలగొలుకుల బియ్యంతో మా అమ్మ కలిపిన పులిహోర, జువ్వలదిన్నె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సీతమ్మ దాచుకున్న ఎండురొయ్యల పొడి, దర్జీగారమ్మాయి మస్తాన్‌బీ తెచ్చే నెయ్యి కారే సేమ్యా, అన్నీ ఒకే అరిటాకు మీదికి చేరేవి. పరాయి ఇంటి తిండి ముట్టొద్దని మా అవ్వ పెట్టిన ఆంక్ష తోట గేటు దగ్గరే ఆగిపోయేది. ఏది తెచ్చినా తుంచి అందరికీ పెట్టాకే నోట్లో వేసుకోవాలన్నది మా లెక్క.

మొహర్రం నెలలో మా ఊరి దర్గా చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్ళు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుని తింటారు. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె. అన్ని మతాలవాళ్ళమూ పోయేవాళ్ళం. ఆ ఏడు వేసవి సెలవులతో బడి మాన్పిస్తానని మస్తాన్‌బీకి వాళ్ళ నాయన చెప్పేశాడు. చదువు రొట్టె పట్టుకుందామంటే పండక్కీ పంపలేదు.

తోటలో ఆ మాట చెప్పి మస్తాన్‌బీ ఏడ్చింది. నవ్వడమే ఎరగని మా టీచరమ్మ తన డబ్బాలోని బెల్లం రొట్టె తీసుకుని, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తామరలు పెంచే తొట్టిలోకి దిగింది.

"నేను చదువుకున్నదాన్నే గదా. నేనిస్తుండా, పట్టుకో."

మస్తాన్‌బీ కూడా దిగి ఓణీ చెంగులో అందుకుంది. గట్టెక్కగానే అలవాటు చొప్పున తుంచి తుంచి మా అందరి చేతుల్లో పెట్టింది. మేమూ అలవాటు చొప్పున తినేశాం. ఆమెకు మిగిలింది చిటికెడు అంచు. ముందు తేరుకున్నది సీతమ్మ.

"అయ్యో మే, నీ చదువంతా మాకే పెట్టేస్తివే!"

మస్తాన్‌బీ మొహం పాలిపోయింది. కాసేపటికి తనే నవ్వేసింది. "పోనీలే, అందరం కలిసే చదువుకుందాం."

సెలవుల తరవాత ఆమె రాలేదు. రొట్టెతో చదువొస్తుందని నేను నమ్మను. దర్జీగారికి మిషను దగ్గర చెయ్యి సాయం కావలసి వచ్చింది, అదీ అసలు సంగతి. అయినా ఆ ముక్కలు తిన్న మేము చదువుకున్నాం, నేను పంతులమ్మనయ్యాను, సీతమ్మ నర్సయింది, మస్తాన్‌బీ కాజాలు కుడుతూ ఉండిపోయింది.

తోట లేదిప్పుడు. అక్కడ స్కూటర్ల షెడ్డూ, మూడంతస్తుల భవనమూ లేచాయి. బడిపిల్లలు ఎవరి డబ్బా వాళ్ళే మూత అడ్డం పెట్టుకుని తింటున్నారు.

పోయిన రొట్టెల పండక్కి చెరువుగట్టున మస్తాన్‌బీ కనిపించింది. పక్కనే మనవరాలు, చేతిలో అప్పుడే అందుకున్న చదువు రొట్టె. నేను పలకరించగానే ఆ పిల్ల మర్యాదగా ఒక ముక్క తుంచి నాకు అందించబోయింది. మస్తాన్‌బీ చటుక్కున దాని చెయ్యి పట్టుకుంది.

"ఎవురికీ పెట్టబాకమ్మా. అంతా నువ్వే తిను."

నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. ఆఖరి ముక్క మింగేదాకా ఇద్దరం ఆ పిల్ల నోటివైపే చూస్తూ నిలబడ్డాం.