గారు, గాడు

హిందూపురంలో మా డిగ్రీ కాలేజీకి ఎస్తేరు మేడం అప్పటికి తొమ్మిదేళ్లుగా గెస్ట్ లెక్చరర్. తొమ్మిదేళ్ల అతిథి! ఏ ఇంట్లోనైనా వచ్చినవాళ్లను అన్నేళ్లు గడప బయటే నిలబెడతారా? ప్రతి జూన్‌లోనూ కొత్త ఆర్డరు రావాలి, ప్రిన్సిపాల్ సంతకం పడాలి. అయినా ఆవిడ రోజూ పెనుకొండలో బస్సెక్కి, సగం దూరం నిలబడే వచ్చి, మాకు సోషియాలజీ చెప్పేవారు.

మేమేమో చదవకపోయినా పాసయ్యే సబ్జెక్టని చేరిన గుంపు. మొదటి రోజు పుస్తకం తెరవకుండానే అడిగారు, "బస్సు కండక్టరు ఇంటికి పోతే ఏమవుతాడు?" అని. "నాయన అవుతాడు మేడం" అన్నాడు తిరుపాల్. "చూశారా, మనిషి ఒకడే, అంతస్తు మారింది, చేయాల్సిన పాత్ర మారింది" అన్నారు. అంత తేలిగ్గా చెప్పేవారు. కోపం కూడా అంతే తేలిగ్గా వచ్చేది. తప్పు రాస్తే ఊరుకునేవారు, కళ్లతో చూడకుండా రాస్తే మాత్రం వదిలేవారు కాదు.

రెండో సెమిస్టర్‌లో మా క్లాసు ఆరుగురినీ రొద్దం దగ్గర ఒక పల్లెకు ఇంటింటి సర్వేకు పంపారు. ఇంటి పెద్ద పేరు, వయసు, చదువు, పని రాసుకుని రావాలి. అది తన సొంతూరని ఆవిడ చెప్పలేదు. ఊళ్లో ఇళ్లన్నీ తిరిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఊరి బయటి ఎస్సీ కాలనీ ఇంకా అర కిలోమీటరు. ఓబుళప్ప అనే పెద్ద రైతు మజ్జిగ ఇచ్చి, "ఈ ఎండలో ఆడికి యాడ పోతారమ్మా? కాలనీలో ఎవరెవరుండారో నాకు తెల్దా? చెప్తా, రాసుకోండి" అన్నాడు. మాకు అంతకన్నా ఏం కావాలి! ఆయన చెబుతుంటే అరుగు మీదే కూర్చుని కాలనీ మొత్తం రాసేశాం. మారిగాడు, డెబ్బై, కూలి. పుల్లిగాడు, అరవై, కూలి.

మరుసటి రోజు మేడం ఆ ఫారాలు చూస్తూ చూస్తూ ఒక చోట ఆగిపోయారు.

"కావ్యా, ఈయన పేరు మారిగాడా?"

"ఓబుళప్ప గారు అట్లే చెప్పినారు మేడం."

"ఆయన ఫారంలో ఓబుళప్ప గారు అని రాసినావు. అడక్కపోయినా గారు రాసినావు. ఈయనకేమో గాడు. పెన్ను ఒకటే కదా?" ఫారం నా ముందు పెట్టారు. "ఈయన పేరు మారప్ప. మా నాయన."

ఓబుళప్పను తిట్టడం సులువే, ఇప్పటికీ తిడతాను. కానీ రాసిన చెయ్యి నాది. పరిగిలో మా ఇంట్లో కూలికొచ్చేవాళ్లను అట్లే పిలుస్తారు, నా చెవికి అది తప్పుగానే వినబడలేదు. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

సర్వే మళ్లీ చేయిస్తానని మేడం అంటే, ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. ఓబుళప్ప ఆయనకు కావలసినవాడు. "ఉన్నది ఉన్నట్టు పంపేయమ్మా. జూన్‌లో నీ ఆర్డరు చూడాల్సింది నేనే" అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు పంపాలనే సార్ మళ్లీ పోతాండేది" అని మేడం వచ్చేశారు. ఆయన అన్నంత పనీ చేశాడు. ఆ జూన్‌లో ఆర్డరు రాలేదు, మేడం ఇప్పుడు ధర్మవరంలో ఒక ప్రైవేటు కాలేజీలో చెబుతున్నారు. తనకు రాబోయేది తెలిసే, ప్రిన్సిపాల్ ఆ మాటన్న వారంలోనే ఆదివారం మమ్మల్ని వెంటబెట్టుకుని కాలనీకి నడిచారు.

మారప్ప రేకుల ఇంటి ముందు చెనక్కాయలు ఒలుస్తూ ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. మనవల వయసు వాళ్లం, మాకోసం లేచాడు!

"మీ పేరేంది తాతా?" అని అడిగాను.

"మారిగాడు అని రాసుకో తల్లీ."

"నాయనా!" మేడం అరుపుకు పక్కింటివాళ్లు బయటికొచ్చారు. "అది వాళ్లు పిలిచే పేరు. మీ అమ్మ నీకు పెట్టిన పేరు చెప్పు."

"ఏదైతే ఏమి లేమ్మా. అందరికీ తెలిసింది అదే గదా."

"ఈ పిల్లోళ్లకు నేను చెప్పే పాఠమంతా అబద్ధం చేస్తాండావు నువ్వు" అంటూ ఏడ్చేశారు. కోపంతో ఏడవడం అంటే ఏమిటో నేను అప్పుడే చూశాను. నేను పెన్ను పట్టుకుని, "మీరు చెప్పేదాకా రాయను తాతా" అన్నాను.

ఆయన ఊరివైపు ఒకసారి చూశాడు. దారిలో ఎవరూ లేరు. నా దగ్గరికి వంగి, దొంగతనంగా తెచ్చింది ఇస్తున్నట్టు, "మారప్ప" అన్నాడు. నేను రాస్తుంటే మళ్లీ అన్నాడు:

"నేను చెప్పినానని ఓబుళప్పకు మాత్రం చెప్పొద్దు తల్లీ."