పక్క సీటులో టీచరుగారు

ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీకి ఇవతల నా కుర్చీ. అవతల రోజంతా జనం. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక వేసుకోండి." యానాంలో సగంమందితో నేను మాట్లాడే ఉంటాను. కానీ ఈ మాట దాటి ఇంకో మాట మాట్లాడింది చాలా కొద్దిమందితోనే. విడాకులయ్యాక అగ్రహారంలో ఒక మేడ మీద వాటా తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. శనివారం సాయంత్రం తాళం తీసుకుని లోపలికి వెళ్తే, మళ్ళీ సోమవారం పొద్దున మొదటి పేషెంటుతో మాట్లాడేదాకా నోరు విప్పే పనుండేది కాదు. అప్పుడు గొంతు బొంగురుగా వచ్చేది. జలుబు చేసిందనుకుని "మీరే వేసుకోవాలమ్మా మందులు" అని నవ్వేవాళ్ళు.

ఆ కిటికీలోంచి ఆవరణలో ఒక ఎర్ర కారు కనబడేది. పాండిచ్చేరి నుంచి బదిలీ మీద వచ్చిన కుర్ర డాక్టరుగారిది. నేలకు ఆనినట్టు కూర్చునేది. వెడల్పాటి టైర్లు, డిక్కీ పైన చిన్న రెక్క. ఆయన స్టార్ట్ చేస్తే నా వెనక అరలో సిరప్ సీసాలు సన్నగా మోగేవి. ఆయనకు మళ్ళీ పాండిచ్చేరికే బదిలీ అయిందని తెలిసిన రోజు, ఆయన కౌంటరు ముందునుంచి వెళ్తుంటే పిలిచాను.

"మీ కారు అమ్మేస్తారా డాక్టరుగారూ?"

"అమ్మాలి మేడమ్. అంత దూరం ఎవరు నడుపుతారు? ఎవరికి కావాలి?"

"నాకేనండి."

ఆయన ఆగిపోయారు. "మీకు డ్రైవింగ్ తెలుసునా?"

"రాదండి. నేర్చుకుంటాను."

"ఇది గేరు బండి మేడమ్. క్లచ్ చాలా టైటు. మీకైతే ఆటోమేటిక్ బాగుంటుంది."

ఆయన చెప్పింది సబబే. నేను గేర్లు లేని స్కూటరు తప్ప ఏమీ నడపలేదు. కానీ నాకు గేరే కావాలి. కాపురం చేసిన రోజుల్లో ఎప్పుడూ ఎడమ సీటులోనే కూర్చున్నాను. పక్కన గేరు కర్ర మీద ఒక చెయ్యి ఉండేది. ఎక్కడ ఆగాలో, ఎంత వేగం వెళ్ళాలో, ఇంటికి ఎప్పుడు తిరగాలో ఆ చెయ్యే తేల్చేది. ఆ సంగతి డాక్టరుగారికి ఎలా చెప్తాను? "ఇదే కావాలండి" అన్నాను.

ఆసుపత్రి డ్రైవరు కారు తెచ్చి మా మెట్ల పక్కన పెట్టి, తాళాలు చేతికిచ్చి వెళ్ళిపోయాడు. మొదట్లో సాయంత్రాలు దిగివచ్చి, ఊరికే లోపల కూర్చునేదాన్ని. ఇంజను వేసేదాన్ని కాదు. తలుపు వేస్తే వీధి చప్పుడంతా దూరమైపోయేది. క్లచ్ తొక్కి ఒకటి, రెండు, మూడు అని గేర్లు వేసుకునేదాన్ని. ఒకసారి కింద వాటా వాళ్ళ కోడలు అద్దం మీద కొట్టి, "బాగానే ఉన్నారా అక్కా?" అని అడిగింది. బాగానే ఉన్నానన్నాను.

లెర్నర్ లైసెన్సు తీసుకుని డ్రైవింగ్ స్కూలులో చేరాను. వాళ్ళ కారుకి నేర్పేవాడి వైపు కూడా పెడల్స్ ఉంటాయి. అందులో నేను బ్రహ్మాండంగా నడిపాననే అనుకున్నాను. స్కూలు అయిపోయాక నా కారు ఎక్కితే గేటు కూడా దాటలేదు. ఎర్రబండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ ఆగింది. అప్పుడర్థమైంది, అన్నాళ్ళూ నడిపినవి ఆ నేర్పేవాడి కాళ్ళు. వెళ్ళి నా బండిలో కూర్చుని నేర్పమని అడిగితే, తన వైపు పెడల్స్ లేని కారులో కూర్చోనన్నాడు.

"లైసెన్సున్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని పొద్దున్నే తిప్పండమ్మా, అదే వచ్చేస్తది. మీవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారుగా."

ఇంటికొచ్చి ఫోనులో పేర్లన్నీ చూసుకుంటూ కూర్చున్నాను. గ్యాసు, కరెంటు, పాలు, ఆసుపత్రి వాళ్ళు. మెట్టకూరులో పెదనాన్నగారి అబ్బాయి ఉన్నాడు. చేస్తే, "ఆదివారం చూద్దాంలే చెల్లీ" అన్నాడు. ఆదివారాలు వెళ్ళిపోయాయి. మూడోసారి అడగడానికి మనసొప్పలేదు. కారు మీద దుమ్ము పేరుకుంది. పిల్లలు దాని మీద వేళ్ళతో బొమ్మలు గీశారు.

ఎదురింట్లో ఒక రిటైరైన టీచరుగారు ఉండేవారు. భర్త పోయారు, పిల్లలు లేరు. పొద్దున్నే తెల్ల చీర కొంగు తలమీద వేసుకుని చర్చికి వెళ్ళొచ్చేవారు. నెలకోసారి బీపీ మాత్రలకి నా కిటికీ దగ్గరికి వచ్చేవారు. మా పరిచయం అంతే. ఒకరోజు నేను కారు తుడుస్తుంటే గేటు దగ్గర ఆగారు.

"తియ్యడం లేదేంటండీ బండి?"

"పక్కన కూర్చోడానికి లైసెన్సున్న మనిషి కావాలండి. ఎవరూ దొరకలేదు."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. "నాకుందండీ లైసెన్సు."

"మీకు కారు వచ్చా టీచరుగారూ?"

"రాదండీ," అన్నారు చాలా మామూలుగా. "లైసెన్సుంది. మొన్నీమధ్యే రెన్యువల్ కూడా చేయించాను."

మర్నాడు పొద్దున చర్చి నుంచి నేరుగా వచ్చి ఎడమ సీటులో కూర్చున్నారు. బెల్టు పెట్టుకుని, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని, తలుపు పైనున్న పిడి పట్టుకున్నారు. "పదండి," అన్నారు. మా ఇద్దరిలో ఎవరికీ ఏమీ తెలియదు. దరియాలతిప్ప రోడ్డు ఖాళీగా ఉంటుందని అటు పోయాం. పోయాం అంటే, కప్పలా గెంతుకుంటూ పోయాం. గెంతినప్పుడల్లా ఆవిడ కళ్ళు మూసుకుని "జేసు మరియ" అనేవారు. ఆగిపోయినప్పుడల్లా, "ఏం పర్లేదు, మళ్ళీ వెయ్యండి," అనేవారు. క్లాసులో ఎక్కం తప్పు చెప్పిన పిల్లతో అన్నట్టే ఉండేది.

ఏటిగట్టు ఎక్కే చోట ఒక వాలు ఉంది. అక్కడ ఒక పొద్దున సగం ఎక్కాక ఇంజను ఆగిపోయింది. వెనక చేపల తట్టలతో ఒక ఆటో. బ్రేకు వదిలితే కారు వెనక్కి జారుతోంది. ఆటోలో ఆడవాళ్ళు కేకలేశారు.

"ఓలమ్మో, ఎనక్కొచ్చేత్తందే!"

వాళ్ళలో ఒకావిడ గబగబా దిగి, గట్టు పక్క రాయి తెచ్చి నా వెనక టైరు కింద పెట్టింది. అద్దం దగ్గరికొచ్చి, "ఇంకెక్కడికీ పోదు. కంగారు పడకమ్మా, నిదానంగా తియ్యి," అంది.

తిట్టకపోయేసరికి నాకు ఏడుపొచ్చింది. టీచరుగారు నా మోచేతి మీద చెయ్యి వేశారు. ఇంజను వేసి, క్లచ్ మెల్లగా, చాలా మెల్లగా వదిలాను. ఒకచోట ఇంజను చప్పుడు మారింది. బండి ముక్కు రవ్వంత లేచింది. ముందుకీ పోదు, వెనక్కీ జారదు. అక్కడే కాలు బిగపట్టి బ్రేకు వదిలాను. కారు నిలబడింది. ఇంకాస్త ఎక్సలేటరు ఇచ్చాను. గట్టెక్కాం. వెనక ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పైన గోదావరి మీద ఎండ పడుతోంది. నేను కారు పక్కకి తీసి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాను.

అప్పుడే ఆవిడ తన లైసెన్సు సంగతి చెప్పారు. భర్త కొత్తగా కారు కొన్నప్పుడు సరదాపడి నేర్పించారట. పరీక్ష కూడా పాసయ్యారు. తర్వాత ఆయన, "నేనుండగా నీకెందుకు శ్రమ" అన్నారట. ఆయన పోయాక కారు అమ్మేశారు.

"మరి ఇన్నాళ్ళూ రెన్యువల్ ఎందుకు చేయించారండీ?"

"ఏమోనండీ. పోగొట్టుకోవాలనిపించలేదు."

ఇంకో పొద్దున ఎవరూ లేని చోట కారు ఆపి, "మీరు ఒకసారి నడుపుతారా?" అన్నాను. వద్దంటారనుకున్నాను. ఆవిడ దిగి ఇటు వచ్చారు. సీటు ముందుకి జరిపాను. వేళ్ళకి ముడతలున్న ఆ చెయ్యి గేరు కర్ర మీద ఆనించి, మొదటి గేరు వేశారు. ఒక్కసారి కూడా ఆగిపోలేదు. కానీ రెండో గేరు వెయ్యలేదు. ఇంజను అరుస్తూనే ఉంది, ఆవిడ అలాగే వంపుదాకా తీసుకెళ్ళి ఆపారు. కళ్ళు తుడుచుకున్నారు. "చాలు. నువ్వు రా," అన్నారు. ఆ రోజు నుంచి నన్ను నువ్వనే పిలిచారు.

నాకు లైసెన్సు వచ్చింది. కార్డు చూపిస్తే ఆవిడ రెండువైపులా చదివి, "ఇంక నాతో పనిలేదు," అని నవ్వారు. చట్టం కోరితే ఒకళ్ళ పక్కన ఒకళ్ళం కూర్చున్నాం. ఇప్పుడు ఏ కారణం చెప్పి పిలవాలి? ఆవిడా అదే అనుకున్నారేమో, పొద్దున చర్చి నుంచి నేరుగా ఇంటికే వెళ్ళేవారు. ఎదురుపడితే చెయ్యి ఊపేవారు.

నేను ఒంటరిగా తిరిగాను. బ్రిడ్జి దాటి ఎదుర్లంక వైపు, ఒకసారి అమలాపురం దాకా. ఎర్రబండి చెప్పినట్టు వినేది. మూడు నుంచి నాలుక్కి వెళ్ళేటప్పుడు సీటు వీపుని నెట్టేది, ఆ సంతోషానికి నోరారా నవ్వేదాన్ని. తర్వాత వెళ్ళిన ఊళ్ళో కాఫీ తాగి, తెలిసినవాళ్ళెవరూ లేక, కారు తిప్పుకుని వచ్చేసేదాన్ని.

వానాకాలంలో టీచరుగారు తనే మెట్లెక్కి వచ్చారు. పాండిచ్చేరిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారట. ఆ చెల్లెలికీ తోడు లేదట. "కాకినాడలో రైలెక్కాలి. నీకు సెలవు దొరికితే..." అని ఆగారు.

దొరుకుతుందన్నాను.

సామాను కొంచెమే ఉంది. తాళ్ళరేవు దాటాం. తర్వాత, "నువ్వు గేరు మారుస్తుంటే తెలియడం లేదమ్మా," అన్నారు. ఈసారి పిడి పట్టుకోలేదు. స్టేషనులో సీటు వెతికి కూర్చోబెట్టాను. ఏదో చెప్పాలనుకున్నాను. "మాత్రలు మానకండి," అన్నాను. ఆవిడ నా బుగ్గ మీద చెయ్యి ఆనించారు. నేను దిగాక రైలు కదిలింది.

తిరిగొచ్చేటప్పుడు వాన పట్టుకుంది. దారిలో ఒక టీ కొట్టు దగ్గర తగ్గేదాకా ఆగాను. యానాం వచ్చాక ఇంటివైపు తిప్పబుద్ధి కాలేదు. ఏటి ఒడ్డున ఆపి కూర్చుంటే ఫోను మోగింది.

"చేరావా అమ్మా?"

నన్నలా అడిగినవాళ్ళు ఎన్నాళ్ళుగానో లేరు. "యానాం వచ్చేశానండీ. మీరెక్కడిదాకా వచ్చారు?"

"రాజమండ్రి బ్రిడ్జీ ఎక్కాం. వినబడుతోందా?"

వినబడుతోంది. ఇనుప చప్పుడులో ఆవిడ ఇంకేదో అంటున్నారు, మాటలు అందడం లేదు. ఫోను చెవికి నొక్కుకుని, వానకి నిండిన గోదావరిని చూస్తూ, లైను తెగిపోయేదాకా "ఆఁ, ఆఁ" అంటూనే ఉన్నాను.