మొదట ఆగిన బెల్టు

చర్చిలో అందరూ కళ్లు మూసుకుని తమ పాపాలు తలుచుకునే వేళ, నేను ప్రతిసారీ ఒకదాన్ని దాటేస్తాను. ఏళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, ఖమ్మం జిల్లా అడవి అంచున ఒక బొగ్గు యార్డులో బెల్టు ఆపరేటరుగా చేసేవాణ్ణి. బొగ్గు ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి పడుతూ పోయేది. ఒక్కో బెల్టుకూ ఒక్కో క్యాబిన్. ఎవరి బెల్టు వాళ్లకే కనిపించేది. బొగ్గు అందుకునే అవతలి బెల్టు ఆగితే, దానికి బొగ్గు పంపే ఇవతలివన్నీ వాటంతటవే ఆగిపోయేవి. అప్పుడు ఇంజనీరు అన్ని క్యాబిన్లకూ ఫోన్ చేసి, ఏది మొదట ఆగిందని అడిగేవాడు. మా జవాబులు కలుపుకుని లోపం ఎక్కడుందో తేల్చేవాడు. మా మాట తప్ప అతనికి వేరే ఆధారం లేదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం తడి బొగ్గు ఇరుక్కుని నా బెల్టు ఆగిపోయింది. గడ్డపారతో పొడుస్తూ ఉండాల్సిన నేను క్యాంటీన్ దగ్గర కబుర్లలో ఉన్నాను. అవతలి క్యాబిన్‌లో దావీదన్న, బొగ్గు రావడం లేదు, ఖాళీ బెల్టు తిప్పడమెందుకని తనది తానే ఆపాడు. పని తెలిసినవాళ్లెవరైనా అదే చేస్తారు. నేను పరుగున వచ్చి బొగ్గు తోసేశాను. ఫోన్ మోగింది. అవతలిదే మొదట ఆగిందని చెప్పేశాను.

కాదన్నాడు దావీదన్న. నేను పర్మినెంటు, ఆయన కాంట్రాక్టు. నా మాటే నెగ్గింది. చెప్పకుండా బెల్టు ఆపి, పైగా బొంకాడని ఆయన్ని పనిలోంచి తీసేశారు.

భయపడ్డానా? భయమే అయితే మర్నాడు చెప్పొచ్చు కదా. మర్నాటికి సిగ్గయింది, ఆ తర్వాత అలవాటైంది, కొన్నాళ్లకు హాయిగా నిద్ర కూడా పట్టింది, ఆ నిద్ర తలుచుకుంటేనే నా మీద నాకు ఎక్కువ అసహ్యం.

కొన్నేళ్లకు చండ్రుగొండలో ఒక పెళ్లిలో ఎదురుపడ్డాడు. మిర్చి చేలల్లో కూలికి పోతున్నాడట. నేను తప్పుకోబోతే ఆయనే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“తమ్మీ, శాన ఆలోచన చేసిన. నేనే మొదలు ఆపిన్నేమో. నాకే యాది లేకపాయె. నీ మీద ఊకె కోపం పెట్టుకున్న. మాఫ్ చెయ్యి.”

“గదేం లేదన్నా, పోనియ్,” అన్నాను.

తన పక్కనే కూర్చోబెట్టుకుని అన్నం వడ్డించమన్నాడు. తిన్నాను. ఆయన కొలువు ఒక్కటే పోగొట్టాననుకున్నాను ఇన్నాళ్లూ. తన కళ్లతో చూసినదాన్ని తానే నమ్మకుండా చేశానని ఆ పూట తెలిసింది. అప్పుడైనా నోరు తెరిచానా? లేదు.

దావీదన్న ఇప్పుడు లేడు. మొదట ఆగింది నా బెల్టే. ఆయనకు సరిగ్గానే యాదికుంది. ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.