జంగమ్మ ఆపిన జోలపాట

తొండుపల్లి గుళ్లో శనివారం భజనకు ఒక కట్టుబాటు ఉంది. చివర్లో చిన్నికృష్ణుణ్ణి ఇత్తడి ఉయ్యాలలో పడుకోబెట్టి జోల పాడతారు. జోల ఎత్తుకున్న మనిషే పాట ముగించాలి, హారతి అయ్యేదాకా ఉయ్యాల ఆగకూడదు. విమానం గుడి మీదుగా దిగుతుంటే ఆ మోతకు పాట మునిగిపోకుండా తాళాలు ఇంకా గట్టిగా కొడతారు. మిగతా చప్పుళ్లేవీ ఎవరి చెవికీ పడవు.

జోల ఎత్తుకునేది జంగమ్మ. పొలం విమానాశ్రయం కింద పోయాక, మిగిలిన జాగాలో రేకుల గదులు వేసి కిరాయికిచ్చుకుని బతుకుతోంది. కడుపున పిల్లలు పుట్టలేదు.

ఆ సాయంత్రం ఉయ్యాల తాడు పట్టుకుని, "ఒంటిగ నిన్నుంచమయ్యా, ఊగయ్యా చిన్నికృష్ణా" అని మొదలుపెట్టింది. విమానం దాటిపోయింది. తాళాలు తగ్గాయి. ఆ సందులో ఏడుపు వినబడింది. సన్నగా, ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన గొంతు. గుడి వెనక ఆమె గదుల్లోంచే.

ఎవరో తెలుసు. చివరి గదిలో దిగిన సరిత విమానాశ్రయంలో ఊడ్చే పనికి పోతుంది. మొగుడు లేడు. రెండేళ్ల అఖిలను ఎవరి దగ్గర వదిలిపోతుందో జంగమ్మ అడగలేదు. అడిగితే తన మీద పడుతుందని.

మళ్లీ "ఒంటిగ నిన్నుంచ" అనబోయింది. అక్కడే ఆపేసింది. తాడు వదిలి లేచింది.

"ఏందక్కా, పాట నడుమల లేస్తవ్?" అన్నాడు హార్మోనియం వాయించే యాదగిరి. "స్వామి మేల్కొంటడు."

"మేల్కొంటే ఆడిపియ్యి. ఆయనకు గింతమంది ఉన్నరు."

కిటికీలోంచి చూస్తే పిల్ల బండల మీద బోర్లా పడి ఉంది. కరెంటు లేదు, ఫ్యాను ఆగిపోయింది. పిలిస్తే తల ఎత్తి మళ్లీ వాల్చేసింది. తలుపుకు బయట తాళం. సరితకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది.

వెనకే వచ్చిన యాదగిరి తాళం చూశాడు. "పలగ్గొడితే రేపు ఏదో పోయిందంటది. కేసైతది అక్కా."

"అననీ. గడ్డపార తే."

"భజనకొచ్చి గడ్డపార పట్టుడేంది నా రాత" అని గొణుక్కుంటూనే తెచ్చాడు.

పిల్ల ఒళ్లు కాలిపోతోంది. జంగమ్మ తడిగుడ్డతో తుడిచి, చెంచాతో నీళ్లు తాగించింది. భుజం మీద నిద్రపోయినా దించలేదు.

సరిత వస్తూనే విరిగిన తాళం చూసింది. పిల్లను లాక్కుంది.

"నిన్నెవరు పలగ్గొట్టుమన్నరు?"

"జరమొచ్చి ఏడ్సింది బిడ్డా. రేపటికెల్లి నాకాడ ఇడిసిపో."

"నువ్వేమైతవ్ మాకు?" అని పిల్లతో దవాఖానకు వెళ్లిపోయింది. తిరిగొచ్చాక తలుపుకు లోపలినుంచి పెట్టె అడ్డం జరిపిన చప్పుడైంది.

ఆ చప్పుడు జంగమ్మను పడుకోనివ్వలేదు. సామాను సర్దుతోందా? ఖాళీ చేసి కొత్తూరు దిక్కు పోతే, అక్కడా ఒక గది, ఒక తాళం. అక్కడ ఏడిస్తే వినేదెవరు? కిటికీ దగ్గరే కూచుని ఊరడించి ఉండాల్సిందా? అట్లా చేస్తే పిల్ల ఏమయ్యేది? తెల్లారేదాకా ఇంట్లోకీ బయటికీ తిరుగుతూనే ఉంది.

పొద్దున సరిత పిల్లను చంకనెత్తుకుని వచ్చి నిలబడింది.

"జరం తగ్గింది. పనికి పోకుంటే తీసేస్తరు," అంది, మొహం ఎటో పెట్టి. "నీళ్లు అడగది, నువ్వే తాపాలె. దొరికిందల్లా నోట్లె పెట్టుకుంటది."

"సూస్తగనీ, పో."

"పోత" అంటూ అక్కడే నిలబడింది. గేటు దాటాక మళ్లీ వెనక్కొచ్చి చూసి పోయింది.

తల్లి కనబడకపోయేసరికి అఖిల గుక్కపట్టింది. జంగమ్మ ఎత్తుకుని అదే జోల అందుకుంది. ఒంటరిగా వదలనని ఇన్నేళ్లూ మాట ఇచ్చింది దేవుడికి. ఆయనకు ఏనాడూ జ్వరం రాలేదు, సీసా మూత మింగబోలేదు, అమ్మ ఏదని అడగలేదు. పాడుతూనే పిల్ల గుప్పిట విప్పి చూసింది. నుదుటి మీద చెయ్యి పెట్టింది. వేడి పిల్లదో, తన అరచేతిదో తెలియలేదు. చెయ్యి చల్లనీళ్లలో ముంచి, తుడుచుకుని, మళ్లీ పెట్టి చూసింది.