సెరంగూన్‌లో ఏసీ ఆపిన సాయంత్రం

ఆ రోజుల్లో లోకంలోని ఏ సమస్యనైనా సరిగ్గా నిర్వచిస్తే చాలు, సగం తీరిపోయినట్టేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. మిగతా సగం మంచి స్లైడ్లు చేస్తే తీరిపోతుందని కూడా నమ్మేవాణ్ణి. (ఆ నమ్మకానికి కారణం నా ఉద్యోగం. ఐటీ జోరు మీదున్న కాలం. సింగపూర్‌లోని చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకువారు నాకు స్లైడ్లు చేసినందుకే జీతమిచ్చేవారు.) బయట ఏడాది పొడవునా ఉక్కపోత, ఆఫీసులో స్వెట్టరు లేకపోతే వేళ్ళు కదలని చలి. ఆ చలిలో కూర్చుని నేను భూమి వేడెక్కడం గురించి చదివేవాణ్ణి.

ఊరికే చదవలేదు. అంతకుముందు వేసవిలో సెలవుకు గుంటూరు వెళ్ళినప్పుడు, మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయన వడదెబ్బకు పోయాడు. ఇంటర్వ్యూకు నా చొక్కా ఇస్త్రీ చేసి, "ఉద్యోగం వచ్చాక డబ్బులిద్దువులే బాబూ" అన్న మనిషి. వీధిలో అందరూ "ఈ ఏడు ఎండలు అలా ఉన్నాయి మరి" అని తల ఊపి ఎవరి ఇళ్ళలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. ఎండలెందుకలా ఉన్నాయో, ఎవరు ఏం చేయాలో ఎవరో ఒకరు అడగాలి కదా అనిపించింది. అడిగేవాడు ఎవరని వెతికితే, దగ్గర్లో నేనే కనిపించాను.

అవకాశం దానంతటదే వచ్చింది. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. అప్పటికి ఒకటిగానే ఉన్న మన రాష్ట్రం నుంచి ఒక పార్టీ పెద్దాయన సింగపూర్ వస్తున్నాడని, సెరంగూన్‌లో తన కాండోమినియం హాల్లో మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ అంకుల్ విందు ఏర్పాటు చేస్తున్నారని తెలిసింది. పరుగెత్తుకెళ్ళి నా కోరిక చెప్పాను: వాతావరణ మార్పును ఆ పార్టీ తన మేనిఫెస్టోలో మొదటి అంశంగా పెట్టాలి.

అంకుల్ నన్ను జాలిగా చూశారు. "చూడు బాబూ, అక్కడ తలా ఒక కోరిక కోరతారు. ఒకాయనకు విజయవాడకు నేరుగా విమానం కావాలి, ఇంకొకాయనకు స్థలం కబ్జా తీయించాలి. ఆయన తలూపుతాడు, ఫోటో దిగుతాడు, బిర్యానీ తింటాడు. నువ్వు బాగా చదువుకున్నవాడివి కాబట్టి బిర్యానీకి ముందు మాట్లాడు. తర్వాతైతే ఎవరూ వినరు."

తలూపి వదిలేస్తాడన్న మాట నన్ను పట్టుకుంది. తలూపితే చాలదు, ఆయనకు తగలాలి. బెడోక్‌లో మా ఫ్లాటుకు తిరిగొచ్చేసరికి పథకం తయారైంది. వేడి గురించి మాట్లాడే నాలుగో స్లైడు రాగానే హాల్లో ఏసీ ఆగిపోవాలి. పరిష్కారాలు చెప్పే తొమ్మిదో స్లైడు రాగానే మళ్ళీ చల్లబడాలి. (ఆ రాత్రి నా తెలివికి నేనే ముగ్ధుణ్ణై నిద్రపోలేదు.) రిమోటు బాధ్యత నా రూమ్మేటుకు అప్పగించాను. కరీంనగర్ కుర్రాడు, ఉద్యోగం టెస్టింగు. రాసిచ్చింది రాసినట్టు చేస్తాడు, రాయనిది చచ్చినా చేయడు. అందుకే స్పెసిఫికేషన్ అన్న మాటను కుదించి అతణ్ణి స్పెక్ అని పిలిచేవాళ్ళం.

"నాలుగుకు బంద్, తొమ్మిదికి చాలూ. నడుమల ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు.

"ఏమీ లేదు" అన్నాను, నిబ్బరంగా.

ఆ సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. కిటికీలకు అడ్డంగా స్వాగతం బ్యానరు, మూలన కింద సన్నటి మంటతో బిర్యానీ పాత్రలు. పెద్దాయనకు మూడు శాలువాలు కప్పి, మోయలేనంత దండ వేశారు. నేను మొదలుపెట్టాను. నాలుగో స్లైడు. స్పెక్ నొక్కాడు, ఏసీ ఆగింది. ఐదో స్లైడులో ఒక ఎర్ర గీత పైకి పోతూ ఉంటుంది. అక్కడ పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఈ ఎర్ర గీత ఏంది అబ్బీ?"

"భూమి ఉష్ణోగ్రత సార్."

"మా జిల్లాదా, మొత్తం భూమిదా?"

"మొత్తం భూమిది సార్."

"అట్లయితే మాది వేరే గీయాల. మాది ఇంకా పైకి పోతాది."

అందరూ నవ్వారు. ఆయనకు ఉత్సాహం వచ్చింది. మే నెలలో టాపు లేని జీపులో ప్రచారం చేసిన కథ ఎత్తుకున్నాడు. అది ఒక ఊళ్ళోంచి ఇంకో ఊళ్ళోకి, ఒక ఎన్నికలోంచి ఇంకో ఎన్నికలోకి పోతూనే ఉంది. ఐదో స్లైడు కదలదు. హాలు ఉడకడం మొదలైంది.

"ఏవండీ, ఏసీ చచ్చినట్టుందండీ!" అంది ప్రెసిడెంట్ ఆంటీ భర్తతో. "పట్టుచీరే కట్టుకోవాలని పట్టుబట్టింది మీరే!"

"మమ్మీ, సో హాట్ లా! గో హోమ్!" అని ఒక పిల్ల ఏడుపందుకుంది. అంకుల్ చెంపల మీదుగా రెండు నల్లటి చారలు దిగసాగాయి. (ఆయన జుట్టు నలుపు సహజమని అప్పటిదాకా అందరం నమ్మాం.) నేను కంగారుగా తొమ్మిదో స్లైడుకు దూకబోయాను.

"ఉండప్పా, ఎందుకంత తొందర? ఈ గీత బాగుండాది" అన్నాడు పెద్దాయన.

గోడవారగా జరిగి స్పెక్ చెవిలో, "ఆన్ చెయ్యి రా!" అన్నాను.

"తొమ్మిదో స్లైడ్ అచ్చిందా?"

"రాలేదు గానీ..."

"మరి నేనెట్ల నొక్కుత భాయ్? నడుమల ఏం లేదని నువ్వే అన్నవ్ గద."

అంతలో అంకుల్ కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. భూమిని కాపాడబోయి ఒక ప్రెసిడెంటును చంపేశానే అనుకున్నాను. రిమోటు లాక్కుని నొక్కాను, ఎవరో ముఖాన నీళ్ళు చల్లారు, ఆంటీ శాలువా ఒకటి లాగి విసరసాగింది. అంకుల్ కళ్ళు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న: "ఫోటో అయిందా?"

అప్పుడు పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆయన ఒంటి మీద చెమట చుక్క లేదు, కళ్ళలో మాత్రం నిజంగానే తడి ఉంది. తగిలిందనుకున్నాను!

"ఇంత చదువుకున్నోళ్ళు, ఇంత తిండి తినేటోళ్ళు, ఈ కాస్త వేడికే ఇట్లయిపోతే మా ఊర్లో ముసిలోళ్ళ గతి ఏంది?" అన్నాడు. "ఈ అబ్బి నా కళ్ళు తెరిపించినాడు." పక్కనున్న పీఏ వైపు తిరిగాడు. "రాసుకోప్పా. మేము గెలిస్తే ఇంటికో ఏసీ. మొదటి సంతకం దాని మీదనే."

పీఏ రాసుకుంటూ, "ఏ శీర్షిక కింద పెట్టమంటారు సార్?" అన్నాడు.

"వాతావరణ మార్పు. అన్నిటికన్నా పైన పెట్టు. అబ్బి అడిగింది అదే గదా!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా కొట్టింది అంకులే. నేను కోరింది కోరినట్టుగా, ఒక్క అక్షరం తప్పకుండా దొరికింది. "సార్, అన్ని ఏసీలంటే... కరెంటు... దానికి బొగ్గు..." అన్నాను.

ఆయన నా భుజం తట్టాడు. "భయపడొద్దు నాయనా. కరెంటు కూడా ఉచితమే."

వారం తిరక్కుండా మా బాబాయి ఫోను చేశాడు. "ఏరా, ఏసీలు ఇప్పిస్తోంది నువ్వేనటగా! మన వీధిలో నీకు ఫ్లెక్సీ కట్టారు. మనకు మాత్రం కాస్త పెద్ద సైజు ఇప్పించరా, హాలు పెద్దది." స్పెక్ మాత్రం తన ముఖంలో ఏ భావమూ లేకుండా, "టెస్ట్ పాస్. రిక్వైర్మెంటే తప్పు" అన్నాడు.

ఆ పార్టీ ఓడిపోయింది. ఎదుటివాళ్ళు ఏసీతోపాటు స్టెబిలైజరు కూడా ఇస్తామన్నారట. (గెలిచాక రెండూ ఇవ్వలేదు. పర్యావరణానికి ఆ మాత్రం మేలు జరిగింది.)

ఇన్నేళ్ళయినా ప్రతి ఎన్నికల ముందూ నేను ఏదో ఒక పార్టీకి రాస్తూనే ఉన్నాను. మొత్తం భూమి సంగతి ఎత్తడం మానేశాను. బస్టాపుకు నీడ, మిట్టమధ్యాహ్నం కూలీలకు విరామం, ఫలానా చెరువు పూడ్చకుండా ఉంటే చాలు, అంతే. ఒకటి రెండు బస్టాపులకు నీడ వచ్చింది కూడా, నా వల్లేనని చెప్పను. మనుషులకు వేడి తగిలితే బుద్ధి దానంతటదే వస్తుందని నమ్మిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వేడి తగిలినవాడు ముందు ఫ్యాను కోసం చూస్తాడు. ఆ చిన్న విషయం నా స్లైడ్లలో ఎక్కడా లేదు. ఇప్పుడు నాకది తెలుసు. తెలిశాక జాగ్రత్తపరుణ్ణయ్యాను, నా ఉత్తరాలు మర్యాదగా, పొట్టిగా ఉంటాయి. ఒక గదినిండా పెద్దమనుషులకు చెమట పట్టించే ధైర్యం మాత్రం మళ్ళీ రాలేదు.